అడగని మాట

మూడో మంచం మీది ముసలాయన చేతికి దూది అదిమిపెట్టి, సూదులమ్మ నాలుగో మంచం దగ్గరికి జరిగింది. వార్డంతా ఆమెను పిలిచే పేరే అది. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. ఎంత ఎండిన చేతిలోనైనా ఒక్క గుచ్చుకే నరం దొరకాల్సిందే. "ఆవిడ గుచ్చిందంటే దోమకే సిగ్గేయాలి" అనేవారు రోగులు. మోకాళ్ళు అరిగాయి గాని చెయ్యి మాత్రం వణకలేదు.

నాలుగో మంచం మీద బస్సులకు రంగులు వేసే కుర్రాడు. ఇరవై మూడేళ్ళు. గోళ్ళ సందుల్లో ఇంకా నీలిరంగు. కాన్సరుకు ఇవాళే మొదటి మందు. పక్కన అతని అక్క దుప్పటి సర్దుతోంది.

మందు ఎక్కించే ముందు మగపిల్లలను ఒక మాట అడగాలి: రేపు పిల్లలు కావాలంటే పనికొస్తుంది, ముందే వీర్యం తీయించి దాచుకుంటావా అని. కాగితంలో దానికో గడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ మాట కాంపౌండరు చేత అడిగించి నెట్టుకొచ్చింది. ఇవాళ అతను సెలవు.

ఆమె నోరు తెరిచింది. అక్క తలెత్తి చూసింది. సూదులమ్మ చూపు కాగితం మీదికి దించుకుంది.

"ఏమైనా తిన్నావా, బాబూ?" అంది.

గడిలో 'వద్దన్నాడు' అని రాసి, మందు వదిలింది.

మధ్యాహ్నం అక్క కిందికి వెళ్ళగానే కుర్రాడు మెల్లగా పిలిచాడు.

"అమ్మా, ఈ మందుతో పిల్లలు పుట్టరంటున్నారు. నిజమేనా? పొద్దుటి నుంచీ అడుగుదామనే. అక్క ఉంది కదా, సిగ్గేసింది."

మందు సీసా అప్పటికే సగానికి పైగా ఖాళీ అయింది.

"కొందరికి మళ్ళీ మామూలవుతుంది, కొందరికి అవదు. ముందే దాచుకునే వీలుంది నాయనా. అడగాల్సింది నేనే. నాకూ సిగ్గేసింది."

"మరి ఇప్పుడు?"

"మందు ఒంట్లోకి పోయింది. ఇక తీసినా పనికిరాదు."

తిట్టినా బాగుండును. అతను గోడవైపు తిరిగి, "అక్కకి చెప్పకండి. నాకు సంబంధాలు చూస్తోంది" అన్నాడు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి 'వద్దన్నాడు' కొట్టేసింది. 'నేను అడగలేదు' అని రాసి, సంతకం పెట్టి, డాక్టరు చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివి, "రేపు పొద్దున్నే వచ్చి కనపడండి" అన్నాడు. ఆమె ముఖం చూడలేదు.

తిరిగొచ్చేసరికి నాలుగో మంచం ఖాళీ. మందు అయిపోగానే వెళ్ళిపోయారని చిన్న నర్సు చెప్పింది. మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ రాసిచ్చాననీ, కుర్రాడు తీసుకున్నాడనీ అంది.

దిండు మీద తల ఒత్తిన గుంట ఇంకా పొంగలేదు. అందులో, నాలుగు మడతలు పెట్టి, ఆ చీటీ.