నీళ్ళడిగినోడిదే తప్పు

మునిరామయ్య లెక్కలో లోకంలో సగం మంది పనికిమాలినవాళ్ళు. మిగతా సగం వాళ్ళకంటే పనికిమాలినవాళ్ళు. అందరికంటే అడుగున పీట వేసి ఆయన కూర్చోబెట్టింది మాత్రం సొంత తమ్ముడు మునికృష్ణను.

"దేవునితో సమాధానపడినాడంటబ్బా మా వోడు!" అని బంగారుపాళ్యం టీ అంగట్లో కూర్చుని నవ్వేవాడు. "దేవుడు ఈనితో ఎప్పుడు కొట్లాడినాడో! ఆయనకేం పనీపాటా లేదా? ఆదివారమైతే సాలు, పెండ్లాం ఎనకాలే చర్చికి పోయి సప్పట్లు కొడతా ఉండాడు, తిక్కనాయాలు."

అన్నదమ్ములకు మాటల్లేక ఏడాది దాటింది. కారణం ఊరందరికీ తెలుసు. రెండు తోటల నడిమి గట్టు మీద వాళ్ళ నాయన నాటిన మామిడిచెట్లు పంపకాల్లో తమ్ముడికి వచ్చాయి. వాటి నీడకు తన మొక్కలు గిడసబారుతున్నాయని మునిరామయ్య సణిగి సణిగి, తమ్ముడు భార్యకు ఆపరేషనని తిరుపతి ఆసుపత్రిలో ఉన్న సమయం చూసి, రంపం మిషను తెప్పించి మొదలంటా కోయించేశాడు. పూత మీదున్న చెట్లు! తిరిగొచ్చిన మునికృష్ణ ఆ మొద్దుల మీద కూలబడి ఏడ్చాడు. ఆనక మచ్చుకత్తి పట్టుకుని అన్న మీదికి వచ్చాడు. నలుగురూ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

ఆ పల్లెలో తగువు తెగడానికి ఒక పద్ధతుంది. తప్పు చేసినవాడు అవతలివాడి వాకిట్లోకి పోయి, నలుగురూ చూస్తుండగా నీళ్ళడగాలి. సగం తాగి చెంబు తిరిగిస్తే మిగతా సగం ఇంటివాడు తాగాలి. అంతటితో సరి, ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నీళ్ళడిగినోడిదే తప్పు, ఇందులో రెండో మాట లేదు. పెద్దమనిషి హోదాలో ఎందరివో మెడలు వంచి నీళ్ళడిగించిన మునిరామయ్య, తన వంతు వచ్చేసరికి, "గొంతెండి సచ్చినా వాని వాకిట్లో అడగను" అని తొడకొట్టాడు.

అంత తొడకొట్టినవాడికీ లోపల కుదురు లేదు. చెట్లు కొట్టించిన నాటి నుంచి దేవుడి ముందు నిలబడితే నోరు పెగలడం లేదు. కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చాడు. జుట్టు పోయింది గానీ బరువు పోలేదు. తనకు దొరకనిది ఆ సన్నాసికి దొరికిందంటే ఒళ్ళు మండదా మరి? అందుకే తిట్లు రెట్టింపు చేశాడు.

తోతాపురి మామిడి కోతల రోజుల్లో ఒక పొద్దున, వాకిట్లో కూలోళ్ళు ట్రాక్టరుకు కాయలెత్తుతుంటే, మునికృష్ణ నేరుగా వచ్చి అరుగు ముందర నిలబడ్డాడు.

"అన్నా, దాహంగా ఉండాది. రోంత నీళ్ళియ్యి."

గంపలెత్తే చేతులు ఆగిపోయాయి. మునిరామయ్య పగలబడి నవ్వాడు.

"ఓరి ఎర్రినాయాలా! నీళ్ళడిగితే తప్పు నీదైతాదని తెల్సునా?"

"తెలుసన్నా. నా మీదే ఏసుకుంటా."

"నువ్వెట్లా ఏసుకుంటావురా బుద్ధిలేనోడా! సెట్లు కొట్టించింది నేనైతే..." అనేసి నాలుక కరుచుకున్నాడు. ఏడాదిగా నలుగురిలో ఒప్పుకోని మాట! ఎగతాళి చేయబోయి తానే కక్కేశాడు. కూలోళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మునికృష్ణ మాత్రం నవ్వలేదు. "యేసయ్య నాకు సేసింది అదే కదన్నా. దేవునికి ఎదురు తిరిగింది నేను, నన్ను ఎతుక్కుంటా వచ్చింది ఆయన. నా తప్పంతా నెత్తినేసుకోని సిలువెక్కినాడు. కత్తెత్తుకోని నీ మీదికొచ్చిన నాలాంటోనికే దేవునితో సమాధానం కుదిరినాక, నీ కాడ నేనెందుకు బిగదీసుకోవాల?"

"థూ! ఇదేం పంచాయతీరా? తప్పు సేసినోడు అరుగు మీద, సేయనోడు ఎండలోనా? నా ముందర ఎవుడన్నా ఇట్లాంటి తీర్పు సెప్పింటే సెప్పుతో కొట్టిందును!"

ఆ అరుపు ముగిసేలోగా మునిరామయ్య భార్య జ్ఞానాంబ ఎవరూ చెప్పకుండానే చెంబు తెచ్చి మరిది చేతిలో పెట్టింది. అతను సగం తాగి అన్నకు అందించాడు.

ఇక ఆ సగం తాగితే మునిరామయ్య గెలిచినట్టే. తప్పు తమ్ముడిది, మాట తనది, ఊరు మళ్ళీ నోరెత్తదు. ఏడాదిగా కోరుకున్నది ఇదే. తీరా చెంబు చేతిలోకి వచ్చాక, తిడదామంటే ఎదురుగా తిట్టదగ్గవాడెవడూ కనబడలేదు, ఒక్క తను తప్ప.

"ఛీ, ఏం బతుకురా ఇది," అన్నాడు తనలో తాను. అరుగు దిగి ఎండలోకి వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. "ఇది సెల్లదు. పద మీ ఇంటికి. అడగాల్సింది నేను."

"మా ఇంటికి ఎప్పుడైనా రా. ముందు ఇది తాగన్నా. ఇచ్చేసినాక ఎనక్కి తీసుకోను."

మునిరామయ్యకు ఇంతకంటే పెద్ద అవమానం పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. ఊరికే వచ్చిన మన్నింపు! కట్టడానికి జరిమానా లేదు, వంచడానికి మెడ లేదు. కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు. సగం నీళ్ళు చొక్కా మీదే పోయాయి.

"తిక్కనాయాలా," అన్నాడు చెంబు దించి. "సాయంత్రం మీ ఇంటికొస్తా. నీళ్ళు పెట్టి ఉంచు."