అద్దంలో ఆడే ఆట

ముందుగా ఒక మనవి. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయితే క్షమించాలి. మా ఆయన పోయాకే అక్షరాలు నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా నెమ్మది. ఒక మాట రాసేలోపు కథలోవాళ్లు నాలుగడుగులు ముందుకు వెళ్లిపోతున్నారు. మీరూ కాస్త నిదానంగా రండి, కలిసే నడుద్దాం.

కత్తెరాయన సెలూన్ రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక గోడ పొడుగునా అద్దం, దాని ముందు రెండు తిరుగుడు కుర్చీలు, ఎదుటి గోడకి ఆనించి ఒక బల్ల. టీవీ బిగించడానికి వచ్చినవాడు ప్లగ్గు ఎక్కడుందో చూసుకున్నాడు గానీ, మనుషులు ఎక్కడ కూర్చుంటారో చూడలేదు. సరిగ్గా బల్లకి పైన తగిలించి తన దారిన తాను పోయాడు. టీవీ కూర్చున్నవాళ్ల నడినెత్తిమీదికి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మెడ పట్టేస్తుంది. అందుకని అందరూ ఎదురుగా ఉన్న అద్దంలోనే చూసేవారు. మార్పిద్దాం, మార్పిద్దాం అనుకుంటూనే జుట్లు నెరిశాయి.

అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. సొంత మైదానంలో ఆడుతున్న జట్టు గోల్స్ ఎన్నో టీవీలో ఎడమ పక్కన వేస్తారు. సెలూన్‌లో అది కుడిపక్కన కనిపించేది, అంకె కూడా వెనక్కి తిరిగి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేవారు. పాతవాళ్లకి ఆ బాధ లేదు. కుడి పక్కన ఉన్నది ఇంటి జట్టుది, ఎడమ పక్కన ఉన్నది వచ్చిన జట్టుది అని వాళ్ల కళ్లు వాటంతటవే చదివేసుకునేవి.

శనివారం సాయంత్రం యూరప్ క్లబ్బుల ఆటలు వచ్చేవేళకి బల్ల నిండిపోయేది. కత్తెరాయనది నీలం చొక్కాల జట్టు. ఆ క్లబ్బుని ఓడల వ్యాపారి ఒకాయన మొత్తంగా కొనేశాడు. దేశదేశాల నుంచి ఆటగాళ్లని తెచ్చి పోశాడు. కత్తెరాయన భార్యకి తమ్ముడు ఒకడున్నాడు, సోఫాలు కుట్టేవాడు. వాడిది ఎర్ర చొక్కాల జట్టు. ఆ క్లబ్బుకి యజమాని అంటూ ఒకడు లేడు. అభిమానులే చందాలు కట్టి, ఓట్లేసి నడుపుకుంటారు. ఇక ఈ బావా బావమరుదులకి పోట్లాడుకోవడానికి వేరే దినుసు అక్కర్లేదు.

"బావా, బంతి గుండ్రంగా ఉంటుందని మీ ఓడలాయనకి ఎవరైనా చెప్పారా, ఇంకా తెలీదా?"

"ఆయనకి తెలియక్కర్లేదురా. గుండ్రంగా లేకపోతే ఇంకోటి కొనిస్తాడు."

"కొనుక్కున్న గెలుపు గెలుపెలా అవుతుంది?"

"పోనీ మీది ఓటేసుకున్న గెలుపు. గోలు ముందు బంతి పెట్టుకుని, ఎవరు తన్నాలో చేతులెత్తమంటారు. ఆ లెక్క తేలేలోగా విజిల్ ఊదేస్తారు."

బల్ల చివర లెక్కల మాస్టారు పడీపడీ నవ్వేవారు. ఉద్యోగం చాలించుకున్నాక ఆయనకి ఇదే బడి. ఆయనకంటూ ఒక జట్టు లేదు. ఎవరు ఓడుతుంటే వాళ్లవైపు జరిగేవారు. "నాది జాలి క్లబ్బురా నాయనా, మాకు యజమానీ లేడు, మైదానమూ లేదు" అనేవారు.

బయటికి ఇదంతా కాలక్షేపంలాగే కనిపిస్తుంది. కత్తెరాయనకి మాత్రం వారమంతా ఒక ఎత్తు, ఆ శనివారం సాయంత్రం ఒక ఎత్తు. మిగతా రోజుల్లో కుర్చీలో కూర్చున్నవాడు ఏమంటే అది ఔననాలి. ఒకడు ఎండలు ముదిరాయంటే ఔనండి, వెనకే ఇంకొకడొచ్చి ఈసారి ఎండలే లేవంటే ఔనండి. చేతిలో కత్తి ఉన్నవాడు ఎదురు మాట్లాడితే, మెడ అప్పగించినవాడికి ఎలా ఉంటుంది? అందుకని ఆయన అన్ని జవాబులూ మింగి దాచుకునేవాడు. వాటిని కక్కడానికి ఉన్నది ఆ ఒక్క పూట, ఆ ఒక్క బావమరిది.

అలాంటిది, వీధి మలుపులో సిమెంటు దుకాణం ఆయన ఇల్లు లేపాడు. మేడమీద హాలు వేశాడు. హాల్లో ఒక గోడంత తెర పెట్టాడు. ఆ తెర ముందు వేయడానికి వాలుకుర్చీల్లాంటి సోఫాలు కుట్టమని బావమరిదికే పని చెప్పాడు. అడుగున స్ప్రింగులు, మీద మందపాటి ఫోము, ఆపైన రెక్సిన్. మొదటి రెండు సోఫాలూ తయారవగానే, "కూర్చుని చూస్తేనే గదయ్యా కుదిరిందీ లేనిదీ తెలిసేది! శనివారం ఆట ఉంది, మీవాళ్లని కూడా పట్టుకురా" అన్నాడు.

శనివారం సాయంత్రం బావమరిది సెలూన్ గుమ్మంలోనే నిలబడి ఆ మాట చెప్పాడు.

"పని బావా. పూర్తి ఆట కూర్చుంటేగానీ సీటు సంగతి తేలదు."

"సీటు చూడ్డానికి ఎర్ర చొక్కా ఎందుకురా?"

"రెక్సిన్‌కి రంగు అంటుతుందేమో చూడాలి."

"మాస్టారో?"

"బరువుకి."

మాస్టారు మొహమాటంగా దగ్గి, బల్లమీద ఉన్న తన కళ్లజోడు తీసుకుని వెళ్లారు. ఆయన వెనకే మిగతావాళ్లూ.

ఆ సాయంత్రం సెలూన్‌లో కత్తెరాయన ఒక్కడే. అలవాటు చొప్పున తనూ బల్లమీదే కూర్చుని అద్దంలోనే చూశాడు. నీలం చొక్కాలు గోలుమీద గోలు కొడుతున్నాయి. వెనక ఇంట్లోంచి ఆయన భార్య టీ తెచ్చి, ఖాళీ బల్లనీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"మీవాళ్లే గెలుస్తున్నట్టున్నారు. గంతులేయరేం?"

"ఎవరి ముందు వేయను?"

"నా ముందు వేయండి. పెళ్లినాటి నుంచీ చూస్తూనే ఉన్నాగా."

"నీ తమ్ముణ్ణి చూశావా? గెలుపు కొనుక్కోవడం పాపం అని గొంతు చించుకున్నవాడు, మెత్తటి సీటు కనపడగానే ఎలా దొర్లాడో!"

"వాడి సంగతి సరే. డబ్బున్నవాడు చెయ్యి వేస్తే ఆట బాగుపడుతుందన్నది ఎవరు? మీరేగా! వేశాడు. బాగుపడింది. ఇప్పుడు మొహం అలా పెట్టుకుంటారేం?"

పెళ్లాం ముందు జవాబు తోచకపోవడం మామూలేగానీ, ఫుట్‌బాల్ విషయంలో తోచకపోవడం అదే మొదలు. టీ వేడిగా ఉందన్నాడు. ఆవిడ నవ్వుకుంటూ లోపలికి పోయింది.

తర్వాతి శనివారం ఎర్ర చొక్కాలకీ నీలం చొక్కాలకీ పోటీ. మైదానం ఎర్ర చొక్కాలది. ఏడాదంతా ఎదురుచూసే ఆట. మధ్యాహ్నం సిమెంటాయన నుంచి కబురొచ్చింది. చుట్టాలు వస్తున్నారట, ఇంటికే వచ్చి క్రాఫ్ సరిచేసి గెడ్డం గీయాలట.

"నేను వెళ్లను. వాడి గడప తొక్కేది లేదు" అన్నాడు కత్తెరాయన.

"పని బావా, పని" అంది భార్య, అచ్చం తమ్ముడి గొంతు పెట్టి. ఆయన సంచీ తీసుకుని బయల్దేరక తప్పలేదు.

సిమెంటాయనకి ఫోన్ల గొడవ తెమిలేసరికి ఆట మొదలైపోయింది. అన్నిటికన్నా పెద్ద సోఫాలో, మెడకి తువ్వాలుతో, కొలువు తీరినట్టు కూర్చున్నాడు. ఎవరు ముందు వరస, ఎవరు వెనక వరస అన్నీ ఆయనే చెప్పాడు. మాస్టారు ఒక మూల మెత్తటి సీట్లో కూరుకుపోయి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారు. బావమరిది కింద మెట్లదగ్గర, కొత్తగా తెచ్చిన సోఫాకి కాళ్లు బిగిస్తున్నాడు. కత్తెరాయన తెరకి వీపు పెట్టి, సిమెంటాయన గెడ్డం గీస్తున్నాడు.

హాలు ఒక్కసారిగా హోరెత్తింది. గోలు! కత్తెరాయన కత్తి పైకెత్తి గిర్రున తిరిగాడు. తెరమీద మూలన సున్నా, దాని కుడిపక్కన ఒకటి. కుడిపక్కన ఉన్నది ఇంటి జట్టు కదా. అంటే కొట్టింది ఎర్ర చొక్కాలే. అప్పుడే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చిన బావమరిది కూడా అదే చూశాడు. స్క్రూడ్రైవరు గాల్లోకి లేపి, అడ్డంగా ఉన్న సిమెంటాయన మావగారిని అమాంతం కౌగిలించుకున్నాడు.

"కొట్టాం! కొట్టాం! ఏం బావా, ఎక్కడ మీ ఓడలాయన? ఓడెక్కి పారిపోయాడా?"

"అది గోలే కాదు! ఆఫ్‌సైడ్! గుడ్డివాడిక్కూడా కనిపిస్తుంది!" అని కత్తెరాయన కేకలు పెట్టాడు.

ఆ గోలకి మాస్టారు ఉలిక్కిపడి లేచి, తెరకేసి చూసి, "పాపం, నీలంవాళ్లు" అని కత్తెరాయన వైపు జరిగారు.

హాలంతా వాళ్ల ముగ్గురినీ వింతగా చూసింది.

"ఏమయ్యా, నీది నీలం జట్టని కదా చెప్పావు? కొట్టింది వాళ్లే" అన్నాడు సిమెంటాయన, సగం గీసిన గెడ్డంతో.

బావా బావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు తన జట్టు కొట్టిన గోలుని కాదని గొడవ పెట్టాడు. ఇంకొకడు తనమీద పడిన గోలుకి చిందులేశాడు. సెలూన్ అద్దం సంగతి మాస్టారు వివరించి చెప్పేసరికి చుట్టాలందరూ పొట్టలు పట్టుకున్నారు. బావమరిది కూడా నవ్వాడు. కత్తెరాయనా నవ్వాడు. పదిహేను రోజుల తర్వాత ఇద్దరూ ఒకే చోట నవ్వడం అదే.

నవ్వులు తగ్గాక సిమెంటాయన రిమోట్ తీసుకున్నాడు. "ఇది చూసింది చాలు. అవతల మా మేనల్లుడు మెచ్చిన జట్టు ఆడుతోంది" అని చానల్ మార్చేశాడు.

"అయ్యా, ఇంకా చాలా ఆట ఉందండి" అన్నాడు బావమరిది.

"ఉంటే? తెర నాది కదయ్యా."

కత్తెరాయన నాలిక చివర అద్భుతమైన మాట ఒకటి వచ్చి నిలబడింది. 'ఓటింగు పెట్టమనరా!' అందామనుకున్నాడు. ఇలాంటి అవకాశం కోసం ఆయన ఏళ్లతరబడి కాచుకున్నాడు. కానీ బావమరిది మొహం చూశాడు. వాడు ఏదో అనబోయి, ఇంకా ఇవ్వాల్సిన సోఫాలు గుర్తొచ్చి, నోరు మూసుకుని, "ఔనండి" అన్నాడు.

ఆ ఔనండి ఎలా ఉంటుందో కత్తెరాయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వచ్చిన మాట మింగేసి, మిగతా గెడ్డం గీసి, సంచీ సర్దుకుని వచ్చేశాడు. నీలం చొక్కాలు చివరికి గెలిచాయని ఇంటికొచ్చాక తెలిసింది. దానివల్ల ఆ రాత్రి అన్నానికి ఏమీ రుచి పెరగలేదు.

సోమవారం పొద్దున్నే కత్తెరాయన సెలూన్ తలుపు తీయకుండా బావమరిది షెడ్డుకి వెళ్లాడు. అక్కడ సోఫా ఒకటి బోర్లాపడి ఉంది. వాడు నోటినిండా చిన్న మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటే పెదాల మధ్యకి తెచ్చుకుని, రెక్సిన్ అంచు లాగి సుత్తితో కొడుతున్నాడు. నోట్లో మేకులున్నంతసేపు వాడు జవాబు చెప్పలేడు. చెప్పదలుచుకుంది చెప్పేయడానికి ఇదే సమయం అనుకున్నాడు కత్తెరాయన. నేలచూపులు చూస్తూ గబగబా చెప్పేశాడు.

"శనివారం మామూలుగా సెలూన్‌కి రారా. టీవీ చిన్నదే. బల్ల గట్టిదే. అయినా రా."

సుత్తి ఆగింది. బావమరిది మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి, అరచేతిలో పేర్చుకున్నాడు. ఎంత తీరిగ్గా తీశాడంటే, కత్తెరాయనకి వాణ్ణి ఆ సోఫాలోనే పెట్టి కుట్టేయాలనిపించింది.

"ఏమన్నావ్ బావా? సరిగ్గా వినపడలేదు."

"విన్నావ్."

"సుత్తి చప్పుడు."

"సుత్తి ఆపేగా విన్నావ్!"

"అయినా ఇంకోసారి చెప్పు. బావ నోట ఇలాంటి మాట మళ్లీ ఎప్పుడొస్తుందో."

కత్తెరాయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వు లేకపోతే మావాళ్లు గెలిచినా ఏం బాగోలేదురా. చాలా?"

బావమరిది అరచేతిలో మేకుల్ని ఒకసారి కదిపాడు.

"నాకూ అక్కడ బాగోలేదు బావా. సీటు బాగుంది, కూర్చోవడమే బాగోలేదు. కానీ ఇంకా సోఫాలు ఇవ్వాలి. ఆయన రమ్మంటే కాదనలేను." సుత్తి కింద పెట్టాడు. "ఒక పని చేస్తా. హాఫ్‌టైమ్ దాకా అక్కడుంటా. తర్వాత నడుంనొప్పని లేచి వచ్చేస్తా."

"నువ్వు కుట్టిన సోఫాలో కూర్చుని నడుంనొప్పంటే నీకు మళ్లీ పని చెప్తాడురా వెర్రివాడా?"

"నిజమే. అయితే పంటినొప్పి."

"అది నయం."

శనివారం కత్తెరాయన కుర్చీలు తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. మొదటి సగం ఒక్కడే చూశాడు. విజిల్ పడగానే, దుమ్ములేని గుడ్డ ఒకటి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి దులపసాగాడు. లోపలినుంచి భార్య, "ఆ గుడ్డ చిరిగిపోతుంది, వస్తాడులెండి" అంది. సిమెంటాయన ఇంటివైపు వీధి ఖాళీగా ఉంది. ఒక సైకిలు వెళ్లింది. ఒక ఆవిడ సంచీతో వెళ్లింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

అప్పుడు మలుపు తిరిగి బావమరిది కనిపించాడు. దవడ పట్టుకుని, మొహం వంకరగా పెట్టుకుని, ఆ వీధిలో తనని చూసేవాళ్లెవరూ లేకపోయినా కుంటుతూ వస్తున్నాడు. పంటినొప్పికి కుంటడమెందుకో వాడికే తెలియాలి. వెనక మాస్టారు ఆయాసపడుతూ వస్తున్నారు.

"బావా!" అని వాడు సగం వీధిలోంచే దవడ వదిలేసి అరిచాడు. "మీ ఓడలాయన ఆ గోల్‌కీపర్ని ఎక్కడ కొన్నాడు? బిల్లు ఉంటే వెనక్కిచ్చేయమను!"

వాళ్లు మెట్టెక్కక ముందే కత్తెరాయన జవాబు మొదలుపెట్టేశాడు.

ఇట్లు,
దారాల పిన్ని, అరవై ఎనిమిదేళ్లు.
ఇప్పుడుంటున్నది చిన్నకూతురి ఇంట్లో, మేడమీద వెనక గదిలో.