చేపలనీళ్ళ పని

చేపలనీళ్ళు ఎంత నీచువాసనగా ఉంటాయో మా ఇంట్లో నా నోటికొక్కదానికే తెలుసు. చేపల గాజుతొట్టిలోంచి నీళ్ళు తీయాలంటే సన్నటి గొట్టం ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. నీళ్ళు అందే క్షణానికి నోరు తప్పించాలి. పంతొమ్మిదేళ్ళుగా పీలుస్తున్నాను, ఇప్పటికీ వారానికో గుక్క లోపలికి పోతూనే ఉంటుంది. తొట్టి మాత్రం మా ఆయనది. ఎవరొచ్చినా "నా చేపలు చూశారా?" అంటారు. వాళ్ళు చూస్తారు, ఆయన్ని మెచ్చుకుంటారు, నేను కాఫీ తెస్తాను.

ఇల్లు మారేరోజూ అంతే. లారీవాళ్ళు మంచాలూ బీరువాలూ మోస్తుంటే, నేను నేలమీద చతికిలబడి పాతనీళ్ళు రెండు డ్రమ్ముల్లోకి పట్టి, చేపల్ని వలతో ఒక్కొక్కటే మూతబకెట్లోకి దించాను. మొత్తం పదకొండు. అందులో పెద్దదానికి మా మనవరాలు హెడ్మాస్టరని పేరు పెట్టింది, ఏ పనీ చేయకుండా నోరు తెరుస్తూ మూస్తూ తిరుగుతుందని. ఆ పేరు విన్నప్పుడల్లా మా ఆయన వైపు చూడకుండా జాగ్రత్త పడతాను.

కారులో ఆయన ముందు సీట్లో, నేను వెనక, బకెట్టు నా కాళ్ళ మధ్య. "కుదుపు తగలనీయకు, బెదిరి చచ్చిపోతాయి" అని దారిపొడుగునా చెబుతూనే ఉన్నారు. గుంత వచ్చినప్పుడల్లా నా నడుము కలుక్కుమంది. దాని గురించి ఎవరూ ఎవరికీ జాగ్రత్త చెప్పలేదు.

కొత్తింట్లో తొట్టికి గోడ ముందే సిద్ధం. మా అబ్బాయి టేపుతో కొలిచి మరీ ప్లగ్గు పెట్టించాడు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కుళాయి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, ఆయన తొట్టిలోని ఫిల్టరు స్పాంజి పట్టుకుని సబ్బు కోసం వెతుకుతున్నారు.

"అయ్యయ్యో, కడక్కండి!"

"కొత్తింట్లోకి ఈ మురికేమిటే?"

"ఆ మురికి పోతే రెండ్రోజుల్లో చేపలన్నీ పైకి తేలతాయి."

"నీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారా! తొట్టి కొన్న మొదటి నెలలో, శుభ్రంగా ఉంచమన్నారు కదా అని, ఆ స్పాంజిని తెల్లగా వచ్చేదాకా ఉతికింది నేనే. ఆరు చచ్చిపోయాయి. "ఒక్క పని చెబితే ఇదా నువ్వు చేసేది?" అని ఆయన రెండు పూటలు భోజనం మానేశారు. చచ్చిన చేపల్ని పెరట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని, కంచం పట్టుకుని బతిమాలాను. తర్వాత చేపల దుకాణమతన్ని అడిగి తెలుసుకున్నాను, నీళ్ళని బాగుచేసే కంటికి కనపడని పురుగులు స్పాంజికి పట్టిన ఆ జిగురులోనే ఉంటాయట. ఇవేవీ ఆయనకి గుర్తులేవు. ఎవరికీ అక్కర్లేని జ్ఞాపకాలన్నీ నా దగ్గరే పడి ఉంటాయి.

నడుం పట్టుకుని నిలబడ్డానేమో, ఆయనకి జాలేసింది. అప్పుడే కోడలు ఆఫీసు నుంచి వచ్చింది. భుజాన బ్యాగు ఇంకా దించనేలేదు.

"మంచి సమయానికొచ్చావమ్మాయ్. మీ అత్తయ్యకి నడుంనొప్పి. ఇంక ఈ చేపల పని నువ్వు నేర్చేసుకో. చదువుకున్నదానివి, ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది."

"అవును, అమ్మనడిగి అన్నీ రాసిపెట్టుకో" అన్నాడు మా అబ్బాయి, ఫోన్లోంచి తలెత్తకుండానే.

పిచ్చిపిల్ల, అప్పటికే చొక్కా చేతులు పైకి మడుస్తోంది. "చెప్పండత్తయ్యా, ముందేం చెయ్యాలి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారూ ఇలాగే "ఒక్కసారి చూడు, చాలు" అని మావగారి చొక్కాలు ఇస్త్రీ చేయడం చూపించారు. ఆ ఒక్కసారి పద్నాలుగేళ్ళు సాగింది. ఎవరికి ఏ మాత్ర ఏ పూటకో నేర్చుకున్నాను, మాత్రలు నావయ్యాయి. గ్యాసుబండ మార్చడం నేర్చుకున్నాను, బండా నాదే అయింది. ఏ పనీ నాదని ఎవరూ అనలేదు. వచ్చు కాబట్టి వచ్చి మీద పడ్డాయి, అంతే. మా ఆయనకి ఏదీ రాదు. ఎంత హాయి!

కుర్చీ లాక్కుని తొట్టికి ఎదురుగా కూర్చున్నాను.

"ఏమండీ, ఇలా రండి. నేను చెబుతుంటాను, మీరు చెయ్యండి."

"నేనా? నాకేం వచ్చు?"

"రాకపోతే నేర్చుకుంటారు. త్వరగా కానివ్వండి, అవి ఆ బకెట్లో ఎక్కువసేపు బతకవు."

ఆయన కోడలి వైపు చూశారు. అది నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "పోనీ నేనూ చూస్తానత్తయ్యా, ఎప్పుడైనా పనికొస్తుంది" అంది.

"వద్దమ్మా, ఇటు చూడకు. నీ గదిలోకెళ్ళి తలుపేసుకో. ఈ ఇంట్లో నీకు రాని పని ఒక్కటైనా ఉండాలి."