తడపమంటే తుడిచింది

ఎండు తోలుకు దాహం ఎక్కువ. రంగు గుడ్డ మొదట ఎక్కడ ఆనితే అక్కడే గటగటా తాగేస్తుంది, పక్క చోటుకు చుక్క మిగల్చదు. అందుకే రంగు వేసే ముందు నీళ్ళ గుడ్డతో ఒకే తీరుగా తడపాలి. అప్పుడే ఆ ఆత్రం తగ్గి రంగు సమంగా పరుచుకుంటుంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు వచ్చిన చదువల్లా ఇదే.

ఆ చదువుకు పరీక్ష శనివారం సాయంత్రం నాలుగింటికి. బజారులో బ్యాగుల షాపు నడిపే మేడమ్ మా ఇంటికే వస్తానంది. ఎర్రమట్టి రంగులో రెండు బ్యాగులు చూపించమంది.

"ఒకటి ఎవరైనా బాగా చేస్తారు. రెండూ కవల పిల్లల్లా ఉంటే ఇకమీదట నా షాపుకు నువ్వే కుడతావు" అంది.

ఆవిడ కాదంటే మళ్ళీ మా బావమరిది బెల్టుల ఫ్యాక్టరీయే గతి. అక్కడ నాలుగేళ్ళు జిగురు పూసి, పోయిన ఏడాదే తెంచుకుని బయటపడ్డాను. "వెళ్ళు బావా, వెళ్ళు. తలుపు తీసే ఉంచుతాలే" అన్నాడు వాడు. వాడి నవ్వు చూసి ఆ రోజే అనుకున్నాను, చచ్చినా ఆ గడప తొక్కనని.

మొదటి బ్యాగు శుక్రవారమే అయిపోయింది. నా చేత్తో నేనే చేశానా అన్నంత నున్నగా పట్టింది రంగు. శనివారం పొద్దున రెండోదాన్ని బల్ల మీద పెట్టి, దాని పట్టీ కుడుతూ కూర్చున్నాను. మాది రెండు సూదుల కుట్టు. ఒక సూది చేతిలో, ఒకటి పళ్ళ మధ్య. ఆ సూది తీయకుండానే మా ఆవిడతో ఆ బ్యాగు తడిపి ఉంచమన్నాను.

పట్టీ ముగించి చూస్తే బ్యాగు ముదురుగా కనిపించింది. తడి ఇంకా ఆరలేదని సంతోషించి, రంగులో గుడ్డ ముంచి చుట్లు చుట్లుగా రుద్దాను. సగం చోట్ల రంగు తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది. మిగతా చోట్ల నల్లగా దిగబడింది. బ్యాగు నిండా శోభి మచ్చలే.

"ఏం గుడ్డతో తడిపావే?"

"తడపడమేంటి? కిటికీలో ఉందిగా పసుపు గుడ్డ, దాంతో తుడిచాను. తుడవమన్నారుగా!"

అది నూనె గుడ్డ. పని అంతా అయిపోయాక మెరుపు కోసం రుద్దేది.

"తడపమన్నానే నేను!"

"నోట్లో సూది పెట్టుకుని చెబితే తడపడమేదో తుడవడమేదో నాకేం తెలుసు? సూది లేకపోయినా మీ మాటలు గుచ్చుకోవడమే గాని అర్థమై చావవు."

నూనె పడ్డా నీళ్ళు పడ్డా తోలు ఒకేలా ముదురెక్కుతుంది. వేలు పెట్టి చూసుంటే తెలిసేది. నేను చూడలేదు. ఆ సంగతి ఆవిడతో అనలేదు.

స్పిరిటుతో తుడిచాను. సబ్బుతో కడిగాను. ఆరబెట్టి రెండోసారి రంగు వేశాను. మచ్చలు పోలేదు సరికదా, అంచులు కట్టి దేశపటంలా తయారయ్యాయి. గంట రెండయింది. కొత్తగా కోద్దామంటే తోలు లేదు.

"మంచిదాన్ని చూపించండి. రెండోది పాడైందని చెప్పండి. ఆవిడా మనిషేగా" అంది మా ఆవిడ.

"బతిమాలమంటావా?"

"చెప్పమంటున్నాను."

"మీ తమ్ముడికి చెప్పుకుని నవ్వుకోవడానికా?"

ఆవిడ చేతులు దులుపుకుని లోపలికి పోయింది. నల్లరంగు డబ్బా తీశాను. నలుపు కప్పని పాపం లేదు. రెండు పూతలతో మచ్చలన్నీ మాయమయ్యాయి. కానీ పక్కన మొదటిది ఎర్రగా, నిండుగా కూర్చుని నన్ను వెక్కిరిస్తున్నట్టుంది. కవలలే కదా కావాలి అనుకుని దాని మీదా నలుపు పూశాను. మొదటి చుట్టుకే ఆ నున్నటి ఎరుపు మాయమైపోయింది. అయినా ఆపలేదు.

మేడమ్ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. నిలబడే చూసింది.

"నేను అడిగిన రంగేనా ఇది?"

"నలుపైతే అన్నిటికీ నప్పుతుందని..."

ఆవిడ ఒకదాని మీద వేలితో రాసింది. వేలు నల్లబడింది. ఆరలేదు, పొడిగుడ్డతో రుద్దలేదు, టైమేదీ? ఆవిడ రుమాలు తీసి తుడుచుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలోంచి అంది, "ఒకటి బంగారంలా వచ్చిందమ్మా. రెండోది పాడైందని దాన్నీ నల్లగా చేసేశారు."

మేడమ్ నా వంక చూసింది. కోపంగా కూడా కాదు.

"ఆ ఒక్కటీ చూపించి మాట చెప్పుంటే వారం ఆగేదాన్ని కదయ్యా" అంది. మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళాను. బావమరిది తలుపు దగ్గరే ఎదురొచ్చి, పనివాళ్ళందరికీ వినపడేలా అన్నాడు, "రా బావా! ఈసారి జిగురొద్దులే, రంగు గదిలో వేస్తా. నీకు బాగా వచ్చుగా!"

అందరూ నవ్వారు. నన్ను రంగు చల్లే మిషను ముందు నిలబెట్టారు. నేను చెయ్యాల్సిందల్లా మీట నొక్కడం. బెల్టులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, పోతాయి. తడిపేవాడు లేడు, రుద్దేవాడు లేడు. ఒక్కదాని మీద మచ్చ ఉంటే ఒట్టు. చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.