పొయ్యి కనపడే గూడు

"పసుపు రాసిన వస్తువుని వెనక్కి పంపకూడదమ్మాయ్. ఇంటికి అరిష్టం," అంది దుర్గమ్మ, పెరటి అరుగు మీద కొబ్బరాకుల ఈనెలు తీస్తూనే.

లక్ష్మీప్రసన్న వంటింట్లో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కంప్యూటర్లో బిగించే గ్రాఫిక్స్ కార్డు అంచునున్న బంగారు రంగు పళ్ల మీంచి ఇయర్‌బడ్‌తో పసుపు తుడుస్తోంది. నిన్న భర్త అంజిబాబు దాన్ని రాజమండ్రి నుంచి తెచ్చాడో లేదో, అత్తగారు దుర్గమ్మ గడప దగ్గరే ఆపి, తడిపసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, హారతిచ్చి మరీ లోపలికి రానిచ్చింది. ఆ ఇంట్లో ఫ్రిజ్జు వచ్చినా అంతే, మోటారు సైకిలు వచ్చినా అంతే. ఆవిడ భక్తిని ఏమనగలం? పసుపు మాత్రం ఫ్యాను రెక్కల సందుల్లోకి దిగి, ఎండి, గట్టిపడి కూర్చుంది.

అంజిబాబుకి కొత్తపేటలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకి, ఓణీల ఫంక్షన్లకి, దిండిలో హౌస్‌బోట్ల మీద పెళ్లికి ముందు తీయించుకునే పాటలకి కెమెరా పట్టుకుని వెళ్లేది ఆయన. ఆయన తెచ్చి పడేసిన గంటలకొద్దీ గందరగోళాన్ని కత్తిరించి, అతికించి, రంగులు సరిచేసి, పాట కూర్చి, పెళ్లిని పెళ్లిలా కనపడేట్టు చేసేది ప్రసన్న. చివర్లో తెరమీద పడేది మాత్రం ‘అంజిబాబు డిజిటల్స్’ అని. మీ ఆవిడేం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటదండి" అంటాడు. అబద్ధమేం కాదు, ఇంట్లోనే ఉంటుంది, వంటింట్లో మరీను. కంప్యూటరు ఉన్నది అక్కడే. కొనేటప్పుడు అంజిబాబు ముందుగా వంటింటి గోడలో గూడు కొలుచుకుని, ఆ గూట్లో పట్టే చిన్న డబ్బా, ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన రెడీమేడ్ కంప్యూటరు, ఏరి తెచ్చాడు. "ఇక్కడైతే నీకు పొయ్యి కనపడతా ఉంటది. పప్పు ఉడికేలోపు రెండు పాటలు కట్ చేసేయొచ్చు," అన్నాడు, ఏదో వరం ఇస్తున్నట్టు. అప్పుడు ఆమెకీ బాగానే ఉందనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

డ్రోను వచ్చాక ఆ డబ్బా చేతులెత్తేసింది. గోదావరి మీంచి తీసిన షాటు ఒక్కటి పెడితే చాలు, బొమ్మ బిగుసుకుపోయి, పెళ్లికొడుకు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయేవాడు. ఇటు చూస్తే కూర అడుగంటేది. "ఇంకా అవలేదా? నువ్వు మరీ నెమ్మది ప్రసన్నా," అనేవాడు అంజిబాబు. నెమ్మది ఎవరు, తనా, డబ్బానా? చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా, బొమ్మ ఆగకుండా ఆడించే ఈ కార్డు కొనడానికి ఒప్పుకున్నాడు. ఆవేళే డబ్బా మూత విప్పి, జాకెట్లు కొలిచే టేపుతో లోపలంతా కొలిచి, ఫోటో తీసి ఆయన ఫోనుకి పంపింది. ‘పొట్టిది, సన్నది అని అడగండి. విడిగా కరెంటు వైరు అక్కర్లేనిది’ అని రాసింది కూడా. ఆయన బొటనవేలి బొమ్మ పంపించాడు. షాపువాడు "పెద్దదైతే దమ్ముంటదండి" అన్నాట్ట, ఈయన పెద్దదే పట్టుకొచ్చాడు. రెండు ఫ్యాన్లు, ఇటుకంత మందం.

ఇవాళ పొద్దున్న స్నానం చేసి వచ్చి, నడుం మీద చేతులేసుకుని నిలబడి, "పెట్టు చూద్దాం" అన్నాడు. అది పట్టేది కాదని చూడగానే తెలిసినా, పెట్టి చూపించింది. కార్డు వెనకనున్న రేకు, డబ్బా అంచు దాటి పైకి పొడుచుకొచ్చింది. రెండో చివర హార్డ్‌డిస్కు బిగించే చట్రానికి కొట్టుకుంది.

"గట్టిగా నొక్కు."

"పట్టదండి."

"నువ్వు సరిగ్గా నొక్కట్లేదు. ఇలా తే," అని వంగి అరచేత్తో అదిమాడు. లోపలెక్కడో టక్కుమంది. రామచంద్రపురం పెళ్లి సగం కట్ చేసి ఉంది అందులో.

"ఆపండి!" అని అరిచి, ఆ అరుపుకి తనే ఉలిక్కిపడింది.

"అరుస్తావేంటి? పోనీ కార్డుకున్న ఆ రేకు కోసెయ్. పైన ప్లాస్టిక్ కూడా పీకేస్తే సన్నబడుద్ది కదా."

"కోస్తే మాత్రం? దీనికి విడిగా కరెంటు వైరు కావాలి, ఈ డబ్బాలో అది లేదు. ఫోన్లో రాసేనుగా."

"రాస్తే సరిపోయిందా? గట్టిగా చెప్పాలి."

ప్రసన్న షాపుకి ఫోన్ చేస్తే షాపువాడు కార్డు ఫోటో పంపమన్నాడు. పంపితే "పసుపేంటండీ బాబూ, ఇది నేనెలా తీసుకుంటాను" అని పెట్టేశాడు. తుడిచిస్తే తీసుకుంటాడేమోనని ఇదిగో ఈ ఇయర్‌బడ్ పట్టుకుని కూర్చుంది. అది చూసే అత్తగారి హెచ్చరిక.

వేళ్లకి పసుపు అంటుకుంది. పెళ్లై వచ్చిన రోజు తననీ అదే గడప దగ్గర ఆపి హారతిచ్చారు, అదే చేత్తో. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషనుకి ఇంట్లో చోటు లేదని ఆడపడుచుకి ఇచ్చేశారు, టేపొక్కటి మిగిలింది. మొగాళ్లు ముందుగదిలో ఉన్నప్పుడు గట్టిగా నవ్వొద్దన్నారు, నవ్వు మానేసింది. కొత్తలో ఓసారి అలిగి పుట్టింటికి, ముక్తేశ్వరం వెళ్తే, అమ్మ అన్నం పెట్టి, తల దువ్వి, సాయంత్రం బస్సుకే తిప్పి పంపింది. "కాస్త సర్దుకోవాలే పిల్లా," అంది బస్సు కిటికీ పట్టుకుని. ఇన్నేళ్లూ ఎక్కడ ఎవరికి అడ్డమొస్తే అక్కడ కోసుకుంటూనే వచ్చింది. డబ్బా చిన్నదని ఒక్కళ్లంటే ఒక్కళ్లు అనలేదు. ఛీ, తనకైనా తట్టలేదు.

ఇయర్‌బడ్ కింద పడేసింది.

ముందుగదిలో అంజిబాబు చెప్పులేసుకుంటున్నాడు. "ఎలాగోలా సర్దు ప్రసన్నా. నీకు తెలుసుగా ఇవన్నీ. సాయంత్రానికి రామచంద్రపురం వాళ్లకి చూపించాలి."

ప్రసన్న టేపు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. కిటికీ పక్కనున్న పొడుగు టేబుల్ని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచింది. దానిమీద ఫోటోగ్రాఫర్ల సంఘం ఆయనకిచ్చిన షీల్డులు, దుమ్ముపట్టిన ప్లాస్టిక్ పూలు తప్ప ఏమీ ఉండవు.

"ఏవండీ, ఈ షీల్డులు బీరువా మీద పెట్టుకోండి. టేబులు నాక్కావాలి."

"ఎందుకు?"

"కార్డు వెనక్కి పంపను. అత్తయ్యగారు వద్దన్నారుగా. దాన్ని కొయ్యను కూడా కొయ్యను. డబ్బానే మారుస్తాను. పెద్ద డబ్బా, దానికి తగ్గ బోర్డు, వైర్లు అమలాపురంలో దొరుకుతాయి. తెచ్చి నేనే బిగించుకుంటాను."

"పెద్ద డబ్బా గూట్లో ఎలా పట్టుద్ది?"

"పట్టదండి. అందుకే ఇక్కడ."

"అందాకా రామచంద్రపురం వాళ్ల పని?"

"ఆగుద్ది."

అంజిబాబు ఒక చెప్పు కాలికి, ఒకటి నేలమీద, తల్లివైపు చూశాడు. దుర్గమ్మ ఈనెలు పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"అదేంటమ్మాయ్! నువ్విక్కడ కూర్చుంటే మరి పొయ్యో?"

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. అలవాటుగా ఇద్దరూ ప్రసన్నవైపు చూశారు. ఆమె ఒక్కో షీల్డూ తీసి బీరువా మీద పెట్టి, కొంగుతో టేబులు తుడిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయ్, ఇక్కణ్ణుంచి పొయ్యి కనపడదండి అత్తయ్యగారూ," అంది.