పైడితల్లికి వచ్చిన జ్వరం

తెల్లారకముందే రుబ్బురోలు ముందు కూర్చుంది రాజ్యం. గణపతిరావుకి ఆమె రెండో పెళ్ళాం. మొదటి పెళ్ళాం పైడితల్లి పోయిన రోజు ఇవాళ. పసుపు కుంకాలతో పోయింది కనక ఏటా పేరంటాలుగా కొలిచి, గారెలు వండి, కొత్త చీర పెట్టాలి. ఆ చీర రాజ్యం కట్టుకోవాలి. బతికుండగా ఆ మనిషి కడుపునిండా తిందో లేదో గానీ, పోయాక మాత్రం గారెలకి లోటు లేదు.

జ్వరమొచ్చి పోయిందని అత్త సన్యాసమ్మ చెప్పింది. నూతిలో పడి పోయిందని మొగుడు చెప్పాడు. ఒక చావుకి రెండు కారణాలేమిటి? వాల్తేరులో బి.ఏ.కి చరిత్ర చదివినప్పుడు పట్టుకున్న జబ్బు రాజ్యానికి, రెండు మాటలు వినబడితే ఏ మాట వల్ల ఎవరికి లాభమా అని వెతకడం. వెతికేది మనసులోనే. పైకి అడగాలంటే ఒళ్ళంతా వణుకు. అంత చదువూ చదివి ఇలా వణుకుతున్నందుకు తన మీద తనకే అసహ్యం.

గణపతిరావు చెరుకు తోటనుంచి ఓ గడ నములుతూ వచ్చాడు. అతను కాస్త కులాసాగా ఉన్నాడనిపించి మాట కదిపింది.

"మధ్యాహ్నం అనకాపల్లి వెళ్ళొస్తాను. ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర పంతులమ్మ పనికి ఇంటర్వ్యూకి పిలిచేరు."

"సరిత్రా?" నవ్వాడు. "లెక్కలైతే బెల్లం యాపారానికి పనికొస్తాయి. సచ్చినోళ్ళ కతలకి జీతం ఎవుడిస్తాడే?"

"ఎందుకివ్వరూ? పంతుళ్ళకిస్తారు, మ్యూజియాల్లో ఇస్తారు, పాత రికార్డులు చూసే ఆఫీసుల్లో ఇస్తారు. ప్లీడర్లవుదామనుకున్న వాళ్ళూ ముందు ఇదే చదువుతారు."

"సదివి ఏటి తెలుసుకుంటారే?"

"చచ్చినోళ్ళు ఎలా చచ్చేరో తెలుసుకుంటారు. పైడితల్లిది జ్వరమా, నుయ్యా?"

అందామనుకున్న మాట కాదది. నోరు జారి వచ్చేసింది. గణపతిరావు నమలడం ఆపాడు. చేతిలో గడ ఆమె భుజం మీద విరిగింది. విరిగిన ముక్కతో వీపు మీద, చేతుల మీద, ఎక్కడ తగిలితే అక్కడ బాదాడు. రాజ్యం లేవబోతే జుట్టు పట్టుకుని నుదురు రోటికేసి కొట్టాడు. ఒకసారి కొట్టి ఊరుకోలేదు. పిండి ఎర్రబడింది. ఆమె గొంతులోంచి వచ్చిన అరుపు ఆమెకే ఎవరిదోలా వినబడింది.

సన్యాసమ్మ పరుగెత్తుకొచ్చి ముందు రోట్లోకి చూసింది.

"పేరంటాలి పిండి మైలపడిపోనాదిరా నాయనా!"

నెత్తురు ఆగకపోయేసరికి బండి కట్టక తప్పింది కాదు. ఆస్పత్రికి వెళ్ళే దారంతా కోడలి నుదుటికి గుడ్డ అదిమి పట్టుకుని సన్యాసమ్మ పాఠం చెప్పింది.

"రోలు కాడ కాలు జారిపోనాదని సెప్పు. డాక్టరు బాబు మనకి కావలసినోడే. ఆడికి కోపం వొస్తే అంతేనమ్మా, మళ్ళీ మామూలైపోతాడు. పైడితల్లిని కొట్టినప్పుడూ జొరవనే సెప్పేం. ఊరూ వాడా నమ్మీనేదా?"

ఏమంటున్నదో ఆవిడకి తెలియనే లేదు. అంత అలవాటైన మాట. రాజ్యానికి ఏడుపు ఆగలేదు. దెబ్బలకి కాదు. ముఖమైనా ఎరగని ఆడమనిషి కోసం ఏడ్చింది.

డాక్టరు గాయం తుడిచి, కాగితం ముందుకు లాక్కున్నాడు. "కాలు జారిందా అమ్మా?"

"అవును బాబూ," అంది సన్యాసమ్మ.

"లేదండీ." రాజ్యం గొంతు వణికింది, అయినా ఆగలేదు. "నా మొగుడు గణపతిరావు నన్ను చెరుకుగడతో కొట్టి, జుట్టు పట్టుకుని రోటికేసి బాదేడు. అలాగే రాయండి. మొదటి పెళ్ళాన్ని కొట్టి చంపి జ్వరమని చెప్పేరట. అది పోలీసులకి నేనే చెప్తాను."

సన్యాసమ్మ ఆమె నోరు మూయబోయింది. రాజ్యం ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టింది.

"కుట్లు తొందరగా వెయ్యండి డాక్టరు గారూ. మధ్యాహ్నం అనకాపల్లిలో నన్ను చరిత్ర ఎందుకు చదవాలమ్మా అని అడుగుతారు."