రెండో ఇంటి జవాబు

దయ్యాలంటే నాకు భయం లేదు. నలభై ఏళ్ళు కాలువకు కాపలా కాసిన లస్కరుని. చెరుకుపల్లి గట్టున నన్ను చూసి పక్కకు తప్పుకున్న దయ్యాలున్నాయి గానీ, నేను తప్పుకున్న దయ్యం లేదు. ఈ దేవదానం మాటగా ఇది ముందే రాసిపెట్టుకోండి.

మా కోడలు జెన్నిఫర్ బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ల గదిలో పని చేస్తుంది. పొద్దున్నే మూడు క్యారేజీలు కట్టి, రేపల్లెలో ఆరున్నర బస్సెక్కి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. ఆ పిల్లకి ఒక పిచ్చి. ఇంట్లో కంప్యూటరు ఊరికే ఉన్న వేళలో, ఎక్కడో జబ్బులకు మందులు వెతికేవాళ్ళ లెక్కల్లోంచి ఒక చిన్న ముక్క తెచ్చుకుని చేసిపెడుతుందట. లోకంలో లక్షల ఇళ్ళు ఇదే పనిలో ఉన్నాయట. చేసినందుకు పైసా రాదు, పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్ల మీద తెనాలి, బాపట్ల, రేపల్లె జట్లకు నెల రోజుల స్నేహపు పందెం పెట్టింది. ఓడిన జట్ల మగవాళ్ళు సూర్యలంక ఒడ్డున గెలిచినవాళ్ళకి చేపల పులుసు వండాలన్న షరతు కూడా తనదే.

"జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట," అన్నాడు మావాడు శాలేమురాజు, ఇంకొంచెం పెరుగు వెయ్యమని భార్య వైపు కంచం జరుపుతూ. నేను నవ్వాను.

ఆ నవ్వు తనకెలా తగిలిందో జెన్నిఫర్ చాలాకాలానికి గానీ చెప్పలేదు. ఆ పూట గిన్నెలు తోముతూ అనుకుందట: ఈ ఇంట్లో జీతం బత్తెం ఉన్న పని ఏది, అత్తయ్య ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మేకలు కాస్తూనే ఉంది, ఆవిణ్ణి తోడేలని కూడా ఎవరూ అనలేదు, కాస్తున్నట్టు ఎవరికీ కనపడితే కదా, కాలేజీలో ఆరుగురం ఉంటే సార్లకు టీ సంగతి నన్నే ఎందుకడుగుతారు, అడిగితే నేనెందుకు లేస్తాను, అయినా వాళ్ళననడమెందుకు, పందెంలో చేరే ఇళ్ళ జాబితాలో 'ఇంటి యజమాని పేరు' అని గడి గీసింది నేనే కదా, రేషన్ కార్డు దరఖాస్తులు నింపి నింపి చెయ్యి తనంతట తనే రాసేసింది, ముప్ఫై నాలుగు ఇళ్ళకు ముప్ఫై మూడు మగపేర్లు, నా సొంత లాప్‌టాప్ కూడా ఆయన పేరునే. మిగిలిన ఆ ఒక్క పేరు అత్తయ్యది. పాత కంప్యూటరుకు ఎవరి పేరు రాయమంటారని అడిగితే, "దాని దగ్గర కూర్చునేది నేనేగా. నాదే రాయి," అంది.

అత్తయ్యంటే నా భార్య, పుష్పలత. వంటింటి పక్క గదిలో ఉన్న ఆ పాత పెట్టెకు కాపలా ఆవిడే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి మీట నొక్కేది. ఒకరోజు తెర మీద తన పేరు చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పందెం పదకొండో రోజు సాయంత్రం పుష్పలత గుండె ఆగి పోయింది. సమాధుల దొడ్డి నుంచి రాగానే నేను చేసిన మొదటి పని ఆ పెట్టె వైరు పీకెయ్యడం. దాని ఫ్యాను చప్పుడు వింటుంటే ఆవిడ లోపలే ఉన్నట్టుంది.

ఆవిడ పోయిన నాలుగో రోజు పొద్దున బాపట్ల జట్టు నడిపే అజయ్ బాబు ఫోన్ చేశాడు. "మేడమ్, మీ జట్టులో పుష్పలత గారి పాయింట్లు గబగబా పెరుగుతున్నాయండి. ఎవరండి ఆవిడ?"

జెన్నిఫర్ ఫోను పట్టుకునే పక్క గదిలోకి నడిచింది. వెనకే నేను. వైరు అలాగే వేలాడుతోంది. పెట్టె మీద దుమ్ము. కోడలి చేతిలో ఫోను, ఫోన్లో పుష్పలత పేరు, మేం చూస్తుండగానే ఆ పేరు పక్కన అంకె మారింది. దయ్యాలను తప్పించిన లస్కరు కోడలి చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ గది ముందు నుంచి పోలేక, పెరడు చుట్టి వంటింట్లోకి వచ్చాడు. మొదట రాసిపెట్టుకున్న మాట కొట్టేసుకోండి.

చనిపోయినవాళ్ళ పాయింట్లు లెక్కలోకి రావని తెనాలి జట్టు మనోజ్ పట్టుబట్టాడు. అవి తీసేస్తే మా రేపల్లె వెనకబడి తెనాలి ముందుకొస్తుంది. మావాడూ అదే అన్నాడు. "అమ్మ పేరు తీసెయ్. ఆ ఆటా ఆపెయ్. ఇల్లు చూసుకునే మనిషి లేదిప్పుడు."

ఆ మనిషి స్థానంలో ఎవర్ని నిలబెడుతున్నాడో జెన్నిఫర్‌కి అర్థమైంది. రెండు రోజులు బస్సులో ఫోన్ చూస్తూ ఆరా తీసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒక్కో లెక్కను రెండు ఇళ్ళకు పంపుతారట. రెండో ఇంటి జవాబు వచ్చి, రెండూ కలిస్తేనే పాయింట్లు. అప్పటిదాకా మొదటి ఇంటి పని ఉండీ లేనట్టే.

"అత్తయ్య పని ఎప్పుడో చేసేసిందండి మావయ్యగారూ. అవునని చెప్పేవాళ్ళే ఆలస్యంగా వచ్చారు."

పుష్పలత పేరు ఉంటుందని మూడు జట్లకూ రాసింది. పందెం ఆగదని రాసింది. జాబితాలో 'ఇంటి యజమాని' కొట్టేసి 'దగ్గర కూర్చునేవారు' అని పెట్టింది. ముందుగా తన లాప్‌టాప్ పేరు మార్చుకుంది.

"నా పేరేమైంది?" అన్నాడు శాలేమురాజు.

"మీరెప్పుడైనా మీట నొక్కారాండి?"

తర్వాత వైరు నా చేతికిచ్చింది. ఇప్పుడు ఆ గదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేది నేను. కరెంటు వస్తే లేస్తాను. ఫ్యాను తిరుగుతుంది. ఎవరో ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది, ఇవాళ్టికీ.

చివరికి గెలిచింది మేమే, తెనాలి మగవాళ్ళ పులుసులో ఉప్పు తక్కువైంది. అది నిజం. అంకె మారిందీ నిజమే. కల్పించింది ఒక్కటే. పుష్పలత తన పేరు చూసుకుని నవ్విందన్నాను కదా, ఆవిడ చూడలేదు. కళ్ళకు పొర, తెర మీది అక్షరాలు ఆనేవి కావు. ఆ పదకొండో రోజు మధ్యాహ్నం, "నా పేరు ఎన్నోదో కాస్త చదవండి," అనడిగింది. తర్వాత చదువుతాలే, ముందు మజ్జిగ పట్రా అన్నాను.